మొసలి కాదు

"మొసలి దవడ అని రాయమన్నాను కదమ్మా, పేరు చీటీ ఖాళీగా ఉంచావేటి?" అన్నారు నారాయణమూర్తి మాస్టారు.

విజయనగరం కాలేజీలో జియాలజీ విభాగానికి ఆయనే పెద్ద. ఎదురుగా నిలబడ్డ పద్మకుమారి ఆ ఏడే చేరిన డెమాన్‌స్ట్రేటరు. ఇద్దరి మధ్యా బల్ల మీద, రాయిని కరుచుకున్న సగం దవడ. కొత్తవలస అవతల, కొత్తగా వేసిన కిరండూల్ రైలుకట్ట కోసం మట్టి తవ్విన గుంటలో ఆమెకే దొరికింది.

"మొసలి కాదు మాస్టారూ. మొసలికి పళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. దీనికి ముందు చిన్న పళ్లు, పక్కన కోర, వెనక రంపంలాంటి దంతాలు. మాంసం తిని బతికిన జంతువిది. పాలిచ్చే జంతువులకి కోట్ల ఏళ్ల కిందటి చుట్టం."

గదిలో ఉన్న లెక్చరర్లు నవ్వారు.

"తలా లేదు, కాళ్లూ లేవు. సగం దవడ పట్టుకుని చుట్టరికాలు కలిపేస్తున్నావా? సోమవారం ఇన్‌స్పెక్షను. మొసలి అని రాయి. లేదంటే నీ చోటికి ఇంకొకర్ని చూసుకుంటాను."

పద్మకుమారి కలానికి మూత పెట్టేసింది.

"చూసుకోండి. అబద్ధం మాత్రం నా చేత్తో రాయను. మిగిలింది అక్కడే ఉంటాది. ఆదివారం వెళ్లి తవ్వుతాను."

"ఆడపిల్లవి, గునపం పట్టుకుని గుంటలోకి దిగుతావా?"

"దిగుతాను."

ఆదివారం పొద్దున్నే, కట్ట పనికి మట్టి మోసిన అసిరమ్మను తోడు తీసుకుని బయల్దేరింది. గుంట కనబడగానే అసిరమ్మ ఆగిపోయింది.

"ఎవులో మనకంటే ముందొచ్చి తవ్వేస్తన్నారమ్మా. సూడు."

నిజమే. తలకి తువ్వాలు చుట్టుకున్న మనిషెవరో ఇటు వీపు పెట్టి, మోకాళ్ల మీద కూచుని రాయి చుట్టూ మట్టి గీకుతున్నాడు.

"ఒరే, ఎవుల్రా నువ్వు? మా అమ్మగోరు సూసుకున్న సోటది. పైకి రా" అని కేకేసింది అసిరమ్మ.

ఆ మనిషి చెయ్యి ఆగింది. తల మాత్రం తిప్పలేదు.

పద్మకుమారికి ఒళ్లు మండిపోయింది. కొంగు నడుముకి దోపి, గునపంతో సహా గుంటలోకి జారింది.

"దీన్ని కనిపెట్టింది నేను. దీని పేరు చెప్పేదీ నేనే. ఎవరైనా సరే, లేవండి."

మట్టి కొట్టుకుపోయిన పుర్రెను రెండు చేతులా గుండెలకు హత్తుకుని, నారాయణమూర్తి మాస్టారు లేచి నిలబడ్డారు. "మొసలి కాదమ్మా, పేరు నువ్వే రాయి" అన్నారు.