స్టాక్‌హోం ఓడలో ఎదుటి పడక

విమానమంటే భయపడే తౌనో ఏటా శరత్కాలంలో భార్య ఇర్మెలిని హెల్సింకి నుంచి రాత్రి ఓడలో స్టాక్‌హోం తీసుకెళ్ళేవాడు. పగలంతా అక్కడ తిరిగి, సాయంత్రం మళ్ళీ ఓడెక్కేవారు. మార్చిలో అతను నిద్రలోనే పోయాడు. ఈసారి ఆమెకు చెల్లెలు పిర్కో తోడొచ్చింది.

"నువ్వు పడుకో అక్కా. నేను పైన డాన్సు హాలుకెళ్ళి ఒక్క టాంగో ఆడి వస్తా. ఎవడో ఒక ముసలాడు దొరక్కపోడు," అని పిర్కో వెళ్ళింది.

ఇర్మెలి తమ ఇద్దరి క్యాబిన్‌లో దీపం ఆర్పి పడుకుంది. మెలకువ వచ్చేసరికి చీకట్లో ఎదుటి పడక మీద ఎవరో నిద్రపోతున్నారు. ఊపిరి వదిలినప్పుడల్లా ముక్కులో సన్నని ఈల వినిపిస్తోంది. చెల్లెలు వచ్చేసిందనుకుంది. అంతలో ఆ ఊపిరి ఆగిపోయింది.

తౌనోకి అలాగే ఆగేది. మళ్ళీ అందుకునేదాకా ఆమె కళ్ళు తెరుచుకుని ఎదురుచూసేది. మార్చిలో తెల్లవార్లూ ఎదురుచూసింది.

ఇంజను మోతలో ఆమె చెవులు రిక్కించింది. చాలాసేపటికి ఈల మళ్ళీ మొదలైంది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. చెప్పులు చేత్తో పట్టుకుని పిర్కో గుమ్మంలో నిలబడింది.

"ఇంకా పడుకోలేదా?" అంటూ స్విచ్చి కోసం గోడ తడిమింది.

ఇర్మెలి కదల్లేదు. కన్నీళ్ళు దిండులోకి కారుతున్నాయి.

"లైటు వెయ్యకే," అంది మెల్లగా. "బాగా అలిసిపోయి ఉన్నాడు. పడుకోనీ."