బిగుతు మిషన్

ప్రసన్నకు ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం, అత్త ఐలమ్మ చర్మం ఎక్కడ బిగుసుకుంటుందోనని.

ఆ భయం బతుకమ్మ వీడియోతో మొదలైంది. బతుకుదెరువుకు వలసొచ్చి పల్సానాలో ఉండే తెలుగు ఆడవాళ్లంతా కలిసి ఆడుతుంటే ఎవరో ఫోన్లో తీశారు. అందులో ఐలమ్మ ఒకసారి చప్పట్లు కొడితే ఆమె జబ్బలు రెండుసార్లు ఊగాయి.

"ఏందే ప్రసన్నా, నేను నిలవడ్డంక గూడ నా జబ్బలు ఆడుతనే ఉన్నయ్?"

"వీడియోల అట్లనే కనవడ్తది అత్తమ్మా."

"మరి జమున జబ్బలు ఆడలే గద."

పక్క గది జమున చర్మం బిగించే సామాను ఫోన్లో చూపించి అమ్ముతుంది. మర్నాడే వచ్చి కూర్చుంది. వాళ్ల గదుల కిందే సాంచాల కార్ఖానా. ఆ కరెంటు మగ్గాల మోత పగలూ రాత్రీ ఆగదు కాబట్టి, అక్కడ గుసగుసలు కూడా అరిచే చెప్పుకుంటారు. జమున అరిచి చెప్పింది.

"ఇది ఎర్ర లైటు మాస్కు పెద్దమ్మా. మొహానికి పెట్టుకొని కూసునుడే."

"మస్తుంది. ఇదే తీస్కో అత్తమ్మా," అంది ప్రసన్న వెంటనే.

"నా మొహానికేమైంది? జబ్బలకు చూపియ్."

జమున ఇంకోటి చూపించింది. జెల్ రాసి చర్మం మీద తిప్పే కరెంటు మిషన్. "సన్నగ జుమ్మంటది. ఓపికతోటి చేసుకుంటే జర ఫరక్ కనవడొచ్చు."

"నీకు బీపీ ఉన్నది అత్తమ్మా."

"బీపీ నాకున్నది. జబ్బలకు లేదు."

తాగే కొల్లాజెన్ పొడి వచ్చేసరికి, అది చేపల నుంచి తీస్తారనీ, శనివారం ముట్టకూడదనీ ప్రసన్న అడ్డుపడింది. క్రీము చూపిస్తే, తన చంటి బాబును ఎత్తుకునే చేతులకు అవన్నీ పూయొద్దంది.

ఐలమ్మకు కోపం వచ్చింది. "సాంచ మీద పడుగు వదులైతే బిగియ్యమా? గుడ్డకున్న న్యాయం నాకు లేదా?"

జమున లేస్తూ లేస్తూ ప్రసన్నను చూసి నవ్వింది. "అత్త నీకన్న పడుచుగ కనవడ్తదని కుళ్లు పుట్టినట్టున్నది."

మగ్గాల మోతలో కూడా ఆ మాట వాడంతా వినపడింది.

డ్యూటీ దిగి వచ్చిన నరహరి కూడా భార్యనే అడిగాడు. "అమ్మ ముచ్చట పడ్తుంది. కొననియ్యరాదు?"

"మొహానికి కొనుక్కోమంటున్న గద."

"జబ్బలతోటి నీకేం పంచాయితీ?"

ఒక్క మాట చెబితే అయిపోయేది. ప్రసన్న నోరు తెరిచింది కూడా. అప్పుడే ఐలమ్మ మూల నుంచి తల తిప్పి, ఒళ్లో నిద్రపోయిన మనవడు శివకృష్ణను చూపిస్తూ మురిసిపోయింది. "చూసినవారా? నేను పాట ఎత్తుకున్ననో లేదో, పండుకున్నడు. మా అమ్మ నేర్పిన పాట. ఈ వాడల ఇంకెవ్వల తోటన్న అయితదా?"

"కాదత్తమ్మా," అని ప్రసన్న నోరు మూసుకుంది.

ఆ మాట నిజమే. తల్లి ఊపితే బాబు ఏడుస్తాడు. తండ్రి ఊపితే ఇంకా ఏడుస్తాడు. నానమ్మ ఒళ్లో పడుకుంటేనే ప్రసన్న చేతులు ఖాళీ అయ్యేది, చీరలకు లేసు కుట్టే పని ముందుకు నడిచేది.

మిషన్ వచ్చేసింది. ఐలమ్మ రోజూ గోడకు ఆనుకుని, కాళ్లు చాపి, జబ్బల మీద తిప్పుకుంటోంది. రోజూ పొద్దున్నే ప్రసన్న వచ్చి అత్త జబ్బ పట్టుకుని, మెల్లగా గుంజి, వదిలి చూస్తోంది.

"గట్టివడ్డదా?"

"లేదత్తమ్మా. అట్లనే ఉంది," అనేది ప్రసన్న, మొహం వెలిగిపోతూ.

"అంత సంబురమెందుకే నీకు?"

జమున ఈ తతంగం తలుపు సందులోంచి చూసి మరో రెండు గదులకు చెప్పింది.

ఇవాళ పొద్దున మాత్రం ప్రసన్న జబ్బ ఒక్కసారి గుంజి వదల్లేదు. ఇంకోసారి గుంజింది. ఐలమ్మే గెలిచినట్టు నవ్వింది. "నేను చెప్పలే? పడుగు బిగుస్తంది."

ప్రసన్న కుట్టిన చీరలు మూటగట్టుకుని రింగ్ రోడ్ మార్కెట్లో ఇచ్చేందుకు వెళ్లింది. అక్కడ సేఠ్ ఒక్కో లేసూ తిప్పి చూస్తున్నాడు. బాబు పడుకునే వేళ దాటిపోతోంది. ఇంటికి ఫోన్ చేస్తూనే ఉంది, కానీ సాంచాల మోతలో ఐలమ్మకు ఆ ఫోన్ వినపడదు.

మీలో ఎవరైనా పల్సానా వైపు వెళ్తుంటే కాస్త ఆ మెట్లెక్కి, అదే మోతలో నానమ్మ పాట ఏనాడూ ఒక్క ముక్కైనా వినపడని శివకృష్ణకు, నిద్ర పట్టేదాకా రోజూ గుప్పిట్లో పట్టుకుని నలిపే ఆమె జబ్బ కింది మెత్తటి వదులు చర్మం ఇవాళ కూడా చేతికి దొరికిందో లేదో చూసి చెప్పండి.