చుక్కలు లేని చోటు

"గ్రాఫు మళ్లీ తప్పే వస్తున్నది" అని స్తెఫను విసుగ్గా వెనక్కి వాలాడు.

ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఊరి బావిలో తాడు దించి నీటి లోతు కొలిచేది అతని భార్య సుమిత్ర. ఆ లెక్కలతో కంప్యూటర్‌లో పైథాన్ ప్రోగ్రాం రాసి గ్రాఫు గీసేది అతను. సాయంత్రానికి భూగర్భజల శాఖకు పంపకపోతే ఈ పని వేరేవాళ్లకు పోతుంది.

"పొద్దుగాల మంచిగనే ఉండె గదా?" అంది సుమిత్ర.

"అప్పుడు తేదీలను ఉత్త పేర్ల లెక్క పక్కపక్కన పేర్చిన. ఇప్పుడు తేదీలుగనే చదివిస్తున్న, ఏ తేదీ చుక్క ఆ తేదీ కాడనే పడుతున్నది. సూడు, ఎండకాలం కాడ గీత మీద ఒక్క చుక్క లేదు. అందాజుగ నాలుగు అంకెలు పెట్టనా?"

"వద్దు. గ్రాఫు మంచిగనే ఉంది." ఆమె ఆ ఖాళీ మీద వేలు పెట్టింది. "కడుపు పోయినంక మా అమ్మోళ్ల ఊరు మనూరుల ఉంటి. తాడు ఎవరు దించాలె?"

స్తెఫను ఆ ఖాళీ పొడవునా ఆదివారాలు లెక్కపెట్టాడు. పని ఉందని ఆ రోజుల్లో అతను ఆమె దగ్గరికి ఒక్కసారీ వెళ్లలేదు. అంత పొడుగు ఎడబాటని ఇంతవరకూ అనుకోనూ లేదు.

ఖాళీని అలాగే ఉంచి పంపేశాడు.

"మనూరుకు పొద్దుగూకినంక గూడ బస్సు ఉంటుండె గదా" అన్నాడు కంప్యూటర్ కట్టేస్తూ.

"ఎరుకే" అంది సుమిత్ర. "ఆ బస్సు దిగేటోళ్లను రోజూ సూస్తుంటి."