సున్నా చూపిన మీటరు

కరెంటు పోయి పద్మనగర్ మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయి. ఆ నిశ్శబ్దంలో మా అమ్మాయి ఆర్తి ఫోన్ వెలుతురులో లెక్క వేస్తోంది. పక్క షెడ్డులో మా తమ్ముడు రాజేశం రెయిన్‌కోటు గుడ్డకు తడి అంటని మందు పూస్తాడు. ఆ కడుగు నీళ్లు మా బోరు పక్కనే ఇంకుతాయి. మేం తాగేదీ బోరు నీళ్లే. కడుగు నీళ్లను శుద్ధి చేసే మిషన్ పెట్టాననీ, అది మందునంతా విరగ్గొట్టి హాని లేకుండా చేస్తుందనీ వాడు మా కులదైవం మార్కండేయుడి మీద ఒట్టేశాడు.

“మామ నీళ్లల్ల లీటరుకు ఇరవై మిల్లీగ్రాముల మందు ఉంటదమ్మా. పూరా విరిగితే ఆ మందులకెల్లి పద్నాలుగు దాకా ఫ్లోరైడ్ బయటికి రావాలె.”

మిషన్ నుంచి పట్టుకొచ్చిన నీళ్లలో, కాలేజీ నుంచి తెచ్చిన ఫ్లోరైడ్ మీటరు ముంచింది. సున్నా.

నా గుండె కుదుటపడింది. “సున్నా అంటే మంచిదే గదనే!”

“కాదమ్మా. కుఛ్ భీ విరగలే. మందు మందు లెక్కనే మన బోర్లకు పోతున్నది.”

అంతలో తలుపు తోసుకుని రాజేశం వచ్చాడు.

“ఏందక్కా, దయ్యాల లెక్క చీకట్ల కూసున్నరు?” అని నవ్వాడు.

ఇంటికి ఎవరొచ్చినా ఇచ్చినట్టే, గ్లాసుతో బోరు నీళ్లిచ్చాను.

“తాగురా.”

వాడి నవ్వు ఆగింది. ఫోన్ వెలుతురు వాడి ముఖం దాకా అందలేదు. గుటక చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను.