కొండ మీద మెదక్ గొంతు

జకరయ్య సారు నిశ్శబ్దం వెతుక్కుంటూ బస్సులు, రైళ్లు మారి పచ్‌మఢీ కొండలకు వచ్చాడు.

మెదక్‌లో ఆ సరుకు దొరకదు. ఆయన మిషన్ బడిలో సంగీతం సారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్క పిల్లవాడి గొంతు కూడా ఆయన హార్మోనియంతో రాజీ పడలేదు. ఇంటికి వస్తే గోడ అవతల రైసు మిల్లు. మిల్లు ఆగితే భార్య సౌభాగ్యమ్మ అందుకుంటుంది. చివరికి చెవుల్లో హోరు పట్టుకుంది. నిద్ర కరువైంది. దవాఖానలో డాక్టరు చూసి, చెవులు బాగానే ఉన్నాయి, మీ చుట్టుపక్కలే బాగాలేదు, కొన్నాళ్లు ఎటైనా పోయి రమ్మన్నాడు.

పచ్‌మఢీ సంగతి చర్చిలో ఒక పాత పాదిరిగారు చెప్పారు. ఇసుకరాతి కొండలు, సర్కారు కాపలా ఉన్న అడవి, వేల ఏళ్ల కిందటి మనుషులు రాళ్ల మీద వేసిన బొమ్మలు. అక్కడ ఆకు రాలినా వినబడుతుందట. సారుకు బొమ్మలతో పని లేదు. ఆకు చాలు. దసరా సెలవుల చివర నాలుగు రోజులు చూసుకుని బయలుదేరాడు.

బొమ్మల గుహకు వెళ్లే జీపులో ముందు సీటు దొరికింది. సారు కళ్లు మూసుకున్నాడు. అంతలో వెనక నుంచి వినబడింది.

"గిప్పుడు బండి మలుపు తిరిగింది. ఎడమ దిక్కు లోయ. మస్తు లోతున్నది."

అచ్చమైన మెదక్ తెలుగు. ఇంత దూరం వచ్చి తప్పించుకున్నది దీని నుంచే.

ఆ గొంతు ఖుద్దూస్ అనే ఆయనది. రామాయంపేట బస్టాండు దగ్గర గాజుల దుకాణం. పక్కన బురఖా వేసుకుని కూర్చున్నది ఆయన భార్య హాజిరా. సారుది మెదక్ అని తెలియగానే ఖుద్దూస్ సంతోషం పట్టలేకపోయాడు. సారుకు మాత్రం పట్టుకోవలసినంత సంతోషమేమీ కలగలేదు.

జీపు దిగాక అడవి కాపలాదారు అందరినీ నిలబెట్టి, రాళ్లకు తేనెపట్లు ఉన్నాయి, గట్టిగా మాట్లాడొద్దని హిందీలో హెచ్చరించాడు. సారుకు ఆ మనిషి కాళ్లకు దండం పెట్టాలనిపించింది. ఖుద్దూస్ బుద్ధిగా తలూపి, గొంతు తగ్గించి, మాటలు మాత్రం పెంచాడు.

"ముంగట పెద్ద రాయి. దాని పక్కన ఇంకో రాయి. నడుమల నుంచి తొవ్వ."

కొండ మీద రాళ్లున్నాయన్న ఈ కబురు వినడానికి ఆవిడ ఇంత దూరం రావలసి వచ్చిందా అనుకున్నాడు సారు. ఆకాశవాణి వాళ్లు కూడా మధ్యాహ్నం పూట కాసేపు నోటికి విశ్రాంతి ఇస్తారు. ఈయనకు ఆ నియమం కూడా లేదు. పైగా ఆవిడ చేయి ఒక్క అడుగైనా వదలడు. ఇద్దరికీ వయసు మీద పడింది, చేష్టలు చూస్తే నిన్ననే నిఖా అయినట్టున్నాయి.

సారు కావాలని వెనకబడ్డాడు. ఒక చెట్టు కింద నిలబడి ఊపిరి బిగబట్టాడు. నిజంగానే ఏ చప్పుడూ లేదు. చెవుల్లో హోరు కాస్త తగ్గినట్టు కూడా అనిపించింది.

"సారు ఎన్కబడ్డడు, జర ఆగుదాం. మన దిక్కు మనిషి," అన్నాడు ఖుద్దూస్ పైనుంచి.

ఆగారు. సారు రాక తప్పలేదు.

గుహలో చల్లగా ఉంది. రాతిగోడ నిండా ఎరుపు, తెలుపు బొమ్మలు. జింకలు, విల్లమ్ములు పట్టినవాళ్లు, చేతులు కలిపి ఆడుతున్న మనుషులు. మిగతావాళ్లంతా గుడిలోకో చర్చిలోకో వచ్చినట్టు నోళ్లు మూసుకున్నారు. ఖుద్దూస్ దుకాణం తెరిచాడు.

"ఒకాయన నిచ్చెనెక్కి తేనెపట్టు తీస్తుండు. ఈగలు చుట్టూ లేసినయి. ఆయనకు మొఖం లేదు. గీసినోడు మర్చిపోయినట్టుండు."

హాజిరా తల పక్కకు వంచి విని నవ్వింది. "ఎర్రగ గీసిండ్రంటివి. ఎసొంటి ఎరుపు?"

"ఇటుక పొడి లెక్క. జర వెలిసింది. కిందికి ఒక ఆడమనిషి బుట్ట పట్టుకొని నిలబడ్డది. నీ లెక్కనే నడుం మీద చెయ్యి."

గోడ మూరెడు దూరంలో ఉంది. దాన్ని వదిలేసి ఆవిడ మొగుణ్ణి అడుగుతుంది, అతను చెబుతాడు. దేవుడు ఈ ఇద్దరినీ సరిగ్గానే కలిపాడు, కానీ పచ్‌మఢీలో నాకు తగిలించవలసింది కాదు అనుకున్నాడు సారు. రేపే తిరుగు రైలు. ఎల్లుండి మళ్లీ బడి, హార్మోనియం, మిల్లు. ఉన్న ఈ ఒక్క పూటా గాజుల బేరంలో కలిసిపోతోంది.

ఖుద్దూస్ జింకల కొమ్ముల దాకా వచ్చాడు. ఒక్కొక్క కొమ్మునూ విడిగా చెప్పడం మొదలుపెట్టాడు. అక్కడ సారు ఓపిక తెగింది.

"సాబ్, జర ఊకోండ్రి," అన్నాడు పళ్ల బిగువున. "బొమ్మలు గోడ మీదనే ఉన్నయి కద. అమ్మను చూసుకోనియ్యిండ్రి. ఆమెకేమన్న కండ్లు లేవా?"



"లేవు సార్," అన్నది హాజిరా తాపీగా, "జర ఆయన్ను చెప్పనియ్యిండ్రి."