మిషను ఆగిన ఇల్లు

“నెల్లాళ్లు కుట్టుపని మానుకుని మరీ చదివించారు, తీరా ఆ మార్కులా!” అని పక్కింటావిడ కుళాయి దగ్గర అందట. ఆ మాటతో పాటే బిందె కూడా ఇంటికి మోసుకొచ్చింది అమ్మ.

“ఆవిడ నోటికి తాళం లేదులే. నువ్వు పీజీకి అప్లికేషను పెట్టు తల్లీ, ఇవాళే ఆఖరు.”

“ఎంట్రన్సులో ఆ మార్కులు చూసి ఎవరు పిలుస్తారమ్మా?” అంది కూతురు.

“డిగ్రీలో కాలేజీ ఫస్టు వచ్చినదానివి, ఇప్పుడేమైందే? నీ చదువుకు అడ్డమని రాత్రీ పగలూ ఆడే మిషను మీద దుప్పటి కప్పేశాను. చీమ చిటుక్కుమన్నా వినపడేది ఇంట్లో!”

పక్కగదిలో, ఏడాదిగా దిగని మంచం మీంచి నాన్న అందుకున్నాడు.

“దాన్నేమీ అనకే. మళ్లీ ఏడు రాస్తుంది నా బంగారం. ఈసారి రెండు నెలలు నోరు మూయిద్దాం ఆ డొక్కు మిషనుది!” నవ్వాడు. నవ్వు దగ్గులోకి జారింది.

కూతురు లేచి మిషను మీది దుప్పటి లాగేసింది. గొంతు తగ్గించే మాట్లాడింది గానీ, ఆ ఇంటి గోడలు పల్చన.

“నువ్వు కుట్టుకో అమ్మా. ఇది ఆగాకే నాకు తెలిసింది, నాన్న రాత్రంతా మూలుగుతాడని.”