గువ్వకో పుల్ల

"పుల్ల తేవే గువ్వా, గూడు కట్టవే గువ్వా..." అని చిన్నప్పుడు పాడుకునేవాళ్ళం. తర్వాతి మాటలు గుర్తు రావడం లేదు గానీ కథ గుర్తుంది.

ఒక అడవిలో ఉడతల సంఘం అతిథులకు వండి పెట్టేది. గోరింకల సంఘం పందిళ్ళు వేసి సభలు జరిపేది. ఎన్నడూ పొసగని ఆ రెండూ ఒకసారి చేతులు కలిపాయి. గాలివానకు గువ్వ గూడు పోయింది, పొద్దుగూకేలోగా గుడ్డు పెట్టాలి పాపం. "విందుకొచ్చే ప్రతివాళ్ళూ గువ్వకో పుల్ల తేవాలి" అని చాటించాయి.

ఎంతమంది వచ్చారనుకున్నారు! పుల్లలు కుప్పపడ్డాయి. గోరింకలు ఉపన్యాసాలు ఆపలేదు, ఉడతలు వడ్డన ఆపలేదు.

సాయంత్రం గువ్వను వేదిక మీదికి పిలిచారు. "ఉడతక్కా, ఆ పుల్లలు పట్రా!" అంది పెద్ద గోరింక.

ఉడత తెల్లబోయింది. "ఇంకెక్కడి పుల్లలే? మీ సభ తెమల్లేదు, మళ్ళీ వండాల్సొచ్చింది. వచ్చినవాళ్ళను పస్తు పంపుతామా? పొయ్యిలో పెట్టేశాం."

తింటున్నవాళ్ళ ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

గువ్వ మెల్లగా పొయ్యి దగ్గరికి నడిచింది.

"బూడిద ఇంకా వెచ్చగానే ఉంది కదూ ఉడతక్కా? గుడ్డు ఇందులో పెట్టుకోనా?"